సున్న కోసం ఒక సంఘం

ఆ ఆసుపత్రికి ఫోన్ చేసినవాళ్ళందరికీ ఆయన గొంతు తెలుసు. ముఖం మాత్రం చాలా కొద్దిమందికే తెలుసు. మెట్ల కింద, ఒక బల్లా రెండు కుర్చీలూ పట్టేంత గదిలో ఇరవై రెండేళ్ళుగా టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేస్తున్నాడు. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. మూడు వందల పైచిలుకు ఎక్స్‌టెన్షన్ నంబర్లు నోటికి వచ్చు. ఏ వార్డులో ఏ నర్సు ఫోన్ ఎత్తిందో, ఏ నర్సు ఎత్తినట్టే ఎత్తి పక్కన పడుకోబెట్టిందో చప్పుడును బట్టి చెప్పేవాడు. అందరూ ఆయన్ని ఆపరేటర్ గారు అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ఓపిక లేని మనిషి కాడు. ఏడుస్తూ మాట్లాడేవాళ్ళను, అరుస్తూ మాట్లాడేవాళ్ళను, తప్పు నంబరు తిప్పి తిరిగి తననే తిట్టేవాళ్ళను రోజూ వింటూనే ఉండేవాడు. కానీ తప్పుగా పలికిన మాట చెవిన పడితే మాత్రం పంటికింద రాయి పడ్డట్టయ్యేది. కళ్ళున్నవాళ్ళు గోడమీద వంకరగా వేలాడే పటాన్ని చూసి ఎలా ఉండలేరో, ఆయన మాట వంకరపోతే అలా ఉండలేడు.

ఆసుపత్రివాళ్ళు పాత స్విచ్‌బోర్డు తీసేసి కంప్యూటరు పెట్టినప్పుడు ఆయనకు కష్టకాలం మొదలైంది. డ్యూటీ పట్టికలు, మంచాల వివరాలు, డాక్టర్ల సెలవులు అన్నీ తెరమీదికి వెళ్ళిపోయాయి. తెరమీదున్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటుందని ఎవరో చెప్పారు. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో కలిసి తయారుచేసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము అది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. తెలుగు కూడా చదువుతుంది. ఆయన సంబరంగా పెట్టించుకున్నాడు.

గొంతు జలుబు చేసిన మగవాడిలా ఉండేది. అదేమీ ఆయనకు పట్టలేదు. పట్టిందల్లా సున్న. అక్షరం పక్కన సున్న కనబడితే చాలు, ఆ యంత్రం ఎక్కడైనా ఒకేలా పెదవులు మూసేసినట్టు 'మ్' అనేది. మందు 'మమ్దు' అయింది. మంచం 'మమ్చం' అయింది. పదకొండు గంటలకు సంతకం చేయాలి అని ఉంటే, 'పదకొమ్డు గమ్టలకు సమ్తకం' అనేది. ఒక్క అంబులెన్సును మాత్రం చక్కగా పలికేది. ఎనిమిది గంటల డ్యూటీలో ఆ 'మమ్దు' ఎన్ని వందలసార్లు వినాల్సి వచ్చేదో ఆ చెవులకే తెలియాలి. ఇంటికి వచ్చాక కూడా అది తలలో మోగుతూనే ఉండేది. ఒకరోజు భార్యను ఉన్నట్టుండి "గమ్ట ఎంతయింది?" అని అడిగాడట. ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ ప్రోగ్రాము తయారుచేసినవాళ్ళకు ఉత్తరం రాశాడు. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. మాలో ఎవరికీ మీ భాష రాదు, తెలుగు భాగం చేసినవాడు ఆరేళ్ళ క్రితమే వెళ్ళిపోయాడు, తెలిసినవాళ్ళకు ఇది రెండు నిమిషాల పని, మీ ఊళ్ళో ఇలాంటి వాటిమీద ఆసక్తి ఉన్నవాళ్ళను పోగుచేసి వాడుకరుల సంఘం ఒకటి పెట్టుకోండి, మీరు సరిచేసి పంపితే మేము సంతోషంగా కలుపుకుంటాం అని.

ఆయన భార్య అదే ఆసుపత్రిలో ల్యాబు కౌంటరు దగ్గర శాంపిళ్ళు తీసుకునే పని చేస్తుంది. విషయం విని, చేతిలో పని ఆపకుండానే అడిగింది. "పని తెలిసిన మనిషి కావాలంటే మనిషిని వెతుక్కోవాలి గానీ, సంఘం పెట్టడమేమిటి?"

ఆ మాట అప్పుడే విని ఉంటే ఎనిమిది నెలల తలనొప్పి తప్పేదని ఆయన తర్వాత చాలాసార్లు ఒప్పుకున్నాడు. ఆవిడ ఎదుట మాత్రం ఒప్పుకోలేదు.

పోస్టరు వేసే పని బామ్మర్దికి అప్పగించాడు. బామ్మర్దికి ఫ్లెక్సీల దుకాణం ఉంది. బావ అడిగిందే తడవుగా ఊళ్ళో పది చోట్ల పోస్టర్లు పెట్టించాడు. అందులో ఓపెన్ సోర్స్ అన్న మాట చీమ తలకాయంత, 'ఉచితం' అన్న మాట ఏనుగంత ఉన్నాయని ఆపరేటర్ గారికి మొదటి సమావేశం రోజున గానీ తెలియలేదు.

ఉద్యోగుల యూనియన్ గది సైకిల్ స్టాండు పైన ఉంటుంది. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది గంటలకు సమావేశం. ఇనప కుర్చీలు నేలమీద ఈడ్చిన చప్పుడును బట్టి ముప్పై ఒక్క మంది వచ్చారని లెక్కగట్టి ఆయన పొంగిపోయాడు. తీరా ఒక్కొక్కరినీ పలకరిస్తే, ఒకాయన ఉచితంగా కంప్యూటర్లు ఇస్తారని వచ్చాడు. ఒకావిడ ఫోనులో ఫొటోలు పోవడం లేదని వచ్చింది. ఇంకొకాయన ప్రింటరునే చంకనెట్టుకుని వచ్చాడు. ఇద్దరు అన్నదమ్ములు ఉద్యోగాలున్నాయా అని అడిగారు. వీళ్ళందరినీ ఏరేయగా ఇరవై మందికి పైగా మిగిలారు. అందులో ఒక కాలేజీ లెక్చరర్ ఉన్నాడు. అందరూ టోపీ అని పిలిచే ఒక ప్రోగ్రామర్ ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, తలమీది టోపీని నిద్రలో కూడా తీయడని చెప్పుకునేవారు. ఆఖరి వరసలో ఒక రిటైరైన టీచరమ్మ కూర్చుంది. ఆవిడ ముప్పై నాలుగేళ్ళు ఒకటో తరగతికి చెప్పింది.

ఆపరేటర్ గారు లేచి, తన ఇబ్బంది రెండు ముక్కల్లో చెప్పి, యంత్రం చేత నాలుగు మాటలు పలికించాడు. మమ్దు, మమ్చం, గమ్ట, సమ్తకం. అందరూ పగలబడి నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు. చాలా మంచి విషయం లేవనెత్తారండీ అన్నారు. లెక్చరర్ గారు లేచి స్వేచ్ఛ గురించి యాభై నిమిషాలు మాట్లాడాడు. సాఫ్ట్‌వేరు ఎవరిచ్చినా గుడ్డిగా నమ్మకూడదు అని ఊపుమీద అనేసి, టక్కున ఆగి, దగ్గి, నీళ్ళు తాగి, 'అంటే, పరిశీలించకుండా' అని దిద్దుకున్నాడు. ఆపరేటర్ గారికి ఆ గుడ్డి అన్న మాటతో పేచీ లేదు. యాభై నిమిషాలతోనే పేచీ.

ఆ తర్వాత సంఘానికి పేరు ఏం పెట్టాలన్న చర్చ వచ్చింది. ఆ రోజు తేలలేదు. తర్వాతి నెలా తేలలేదు. వాడుకరుల సంఘమా, వినియోగదారుల వేదికా, మిత్రమండలా? స్వేచ్ఛ అన్న మాట ముందుండాలా వెనకుండాలా? మూడో నెలలో పేరు తేలింది, ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు. నాలుగో నెలలో గుర్తు కావాలన్నారు. ప్రతి నెలా ఆయన గొంతు సవరించుకుని, ఆ సున్న విషయం కాస్త చూద్దామా అనేవాడు. తప్పకుండా సార్, ముందు ఈ ఒక్కటీ తేల్చేసుకుందాం అనేవారు.

ఇంటికి వచ్చి చెబితే భార్య, "ఆలూ లేదు చూలూ లేదు..." అని సగం సామెత చెప్పి ఊరుకునేది. మిగతా సగం ఆయన పళ్ళ మధ్య నలిగేది.

టోపీ మీద ఆయన చాలా ఆశ పెట్టుకున్నాడు. పని తెలిసినవాడు అతనొక్కడే. రెండో నెలలోనే ఆ ప్రోగ్రాము లోపలి ఫైళ్ళన్నీ యూనియన్ గది కంప్యూటరులోకి దింపాడు. దింపి, పెదవి విరిచాడు. ఇది మొత్తం పాత పద్ధతిలో రాశారు సార్, ఒక్క సున్న సరిచేయడం కాదు, పునాది నుంచి తిరగరాయాలి, మీరెవరూ ముట్టుకోకండి, వచ్చే వారం నేనే మొదలుపెడతాను అన్నాడు. ఆ వచ్చే వారం ఐదు నెలలు దాటినా రాలేదు. ఈలోగా కంప్యూటరును నడిపే లినక్స్‌లో ఏ రకం మంచిదన్న దానిమీద అతను ఇంకో ఇద్దరితో పెట్టుకున్న గొడవ ముదిరి, ముగ్గురూ గదిలో మూడు మూలల కూర్చునేవారు. వాళ్ళ జవాబులు మూడు దిక్కుల నుంచి వస్తుంటే, మధ్యలో కూర్చున్న ఆయన మెడ నొప్పెట్టేది.

వీటన్నిటినీ మించింది ఫోనులోని గ్రూపు. సంఘానికి కన్వీనరు ఆయనే కాబట్టి అందులో ఉండి తీరాలన్నారు. రోజుకు రెండు వందల సందేశాలు వచ్చేవి. కళ్ళున్నవాళ్ళు వేలితో ఒక్క తోపు తోసి దాటేస్తారు. ఆయనకు మాత్రం ఫోనులోనూ పెట్టుకున్న అదే యంత్రం ఒక్కొక్కటే చదివి వినిపించాలి. అందులో బొమ్మలను కూడా వదలదు. ఎవడో ఒక జోకు పెడితే, దాని కింద 'నవ్వుతూ కన్నీళ్ళు కారుతున్న ముఖం, నవ్వుతూ కన్నీళ్ళు కారుతున్న ముఖం, నవ్వుతూ కన్నీళ్ళు కారుతున్న ముఖం' అని పదిహేడు సార్లు, అదే జలుబు గొంతుతో. ఒక ఉదయం ఆయన గడ్డం గీసుకుంటూ ఇది వింటుంటే, భార్య వచ్చి ఫోను తీసుకుపోయి దిళ్ళ కింద పెట్టేసింది. ఆ రోజు నుంచి ఆయన గ్రూపు సందేశాలు వినడం మానేశాడు. అదెంత పొరపాటో తర్వాత తెలిసింది.

ఏడో నెల సమావేశంలో గుర్తు మీద ఓటింగు పెట్టారు. బామ్మర్ది ఎగిరే పిట్ట బొమ్మ ఒకటి వేసి, దాన్ని రెండు రంగుల్లో అచ్చువేసి తెచ్చాడు. చేతులెత్తమంటే అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. కన్వీనరు ఓటుతో తేలాలి అన్నాడు లెక్చరర్.

బామ్మర్ది దగ్గరికి వచ్చి రెండు కాగితాలూ ఆయన రెండు చేతుల్లో పెట్టాడు. "బావా, కుడిచేతిలోది లేత నీలం, ఎడమచేతిలోది కాస్త ముదురు. నీ మనసుకి ఏది తోస్తే అది చెప్పు."

గదిలో ఎవరికీ అందులో విడ్డూరం కనపడలేదు. ఆయన కాసేపు ఆ రెండు కాగితాలనూ వేళ్ళతో తడిమాడు. రెండూ ఒకే నునుపు. అప్పుడు చాలా నెమ్మదిగా, ఫోనులో మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"నా మనసుకి ఏం తోస్తుందో చెప్పనా? ఈ సంఘం పెట్టి ఏడు నెలలైంది. పేరు పెట్టారు. పిట్టను పెట్టారు. ఇప్పుడు పిట్టకి రంగేస్తున్నారు. మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ సున్న సంగతేమైందని నన్ను అడిగారా?"

కాగితాలు బల్లమీద పెట్టి, కర్ర అందుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెనక నుంచి ఒక్క కుర్చీ కూడా కదిలిన చప్పుడు రాలేదు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. గురువారం నాడు లిఫ్టు ఆపరేటరు ఆయన గదిలోకి తొంగిచూసి శుభాకాంక్షలు చెప్పాడు. ఎందుకయ్యా అంటే, కింద గేటు దగ్గర మీ ఫొటోతో పేద్ద ఫ్లెక్సీ కట్టారు కదండీ అన్నాడు. జరిగిందేమిటంటే, ఆయన అలా వెళ్ళిపోయాక సభ్యులంతా సిగ్గుపడ్డారు. మనవల్ల ఒక చూపులేని మనిషి నొచ్చుకున్నాడే అనుకున్నారు. దానికి విరుగుడుగా వచ్చే సమావేశంలో ఆయనకు సన్మానం చేయాలని తీర్మానించారు. 'స్ఫూర్తి ప్రదాత' అని బిరుదు కూడా ఖాయం చేశారు. ముఖ్య అతిథిని పిలిచారు.

ఆ సాయంత్రం ఆయన బామ్మర్ది దుకాణానికి వెళ్ళాడు. అచ్చు యంత్రం రొదలో గొంతు పెంచాల్సి వచ్చింది. లెక్చరర్ కూడా అక్కడే ఉన్నాడు. సున్న సరిచేయమంటే సన్మానం చేస్తామంటారేమిటి, నేనడిగింది పనా పూలా అని నిలదీశాడు. లెక్చరర్ నొచ్చుకున్నాడు. మేమెంతో అభిమానంతో చేస్తుంటే మీరు అర్థం చేసుకోవడం లేదన్నాడు. బామ్మర్ది ఏడుపు గొంతుతో, నీ ఫొటో ఎంత కష్టపడి కత్తిరించానో తెలుసా బావా అన్నాడు. మాటా మాటా పెరిగింది. నాలుగు రోజుల్లో దాదాపు అందరూ ఆ పేరూ ఆ పిట్టా తీసుకుని, కాలేజీలో ఒక గది చూసుకుని, విడిగా సంఘం పెట్టుకున్నారు. రంగు ముదురు నీలమే ఖాయమైందట. టోపీ ఏ సంఘంలోనూ చేరలేదు. రెండు గదుల కంప్యూటర్లలోనూ తప్పుడు రకం లినక్స్ ఉందన్నాడు.

"పోనీలే, కుర్చీలు సర్దే పని తప్పింది" అంది భార్య.

ఎనిమిదో నెల రెండో ఆదివారం ఆయన యూనియన్ గదికి వెళ్ళింది సమావేశం పెడదామని కాదు. తాళంచెవి తిరిగి ఇచ్చేయాలి, ఇచ్చేముందు గదిని ఒకసారి ఊడ్పించాలి. మెట్లెక్కి తలుపు దగ్గరికి రాగానే ఎవరో మనిషి అలికిడి తగిలింది.

"వచ్చారా? తాళం తీయండి. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి" అంది టీచరమ్మ.

ఆయనకు ఆవిడ సంగతే గుర్తులేదు. ప్రతి నెలా వచ్చేది, ఆఖరి వరసలో కూర్చునేది, నోరు విప్పేది కాదు. ఇంకేమీ లేదమ్మా, సంఘం అయిపోయింది అన్నాడు. ఆవిడ అదేమీ పట్టనట్టు లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంతకీ ఆ సున్న సంగతేమైంది? గ్రూపులో మూడుసార్లు అడిగాను. మీరొక్కసారీ జవాబివ్వలేదు. కన్వీనర్ గారు కదా, తీరిక ఉండదేమో అనుకున్నాను."

ఆయనకు చెంపమీద కొట్టినట్టయింది. ఒక్కరంటే ఒక్కరు అడిగారా అని ఊరందరి మీదా ఎగిరిన మనిషి. అడిగిన ఆ ఒక్కరి మాటలూ దిళ్ళ కింద పడి ఉన్నాయి. తడబడుతూ, అది ప్రోగ్రామర్లు చేయాల్సిన పని టీచర్ గారూ, మనలాంటివాళ్ళం ముట్టుకోకూడదట అన్నాడు.

ఎవరన్నారని అడిగింది. ఆ తప్పు ఎక్కడైనా రాసి ఉందా అని అడిగింది. ఏదో ఫైలులో ఉందట అంటే, అయితే ఆ ఫైలునే చదవమనండి, వింటే పోయేదేముంది అంది.

యంత్రం తన లోపలి ఫైలును తానే చదువుకుంటూ పోయింది. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక్కో వరసలో ఎడమవైపు ఒక అక్షరం, కుడివైపు దాని పలుకు. అ, ఆ, ఇ, ఈ. ఎక్కాల పుస్తకంలా ఉంది. సున్న దగ్గరికి వచ్చేసరికి అక్కడా ఒక్కటే వరస. ఎడమవైపు సున్న, కుడివైపు 'మ్'. దాని పక్కన, ఆరేళ్ళ క్రితం వెళ్ళిపోయిన ఆ మనిషి ఇంగ్లీషులో చిన్న మాట రాసిపెట్టాడు. ఇది నా ఊహ మాత్రమే, భాష తెలిసినవాళ్ళెవరైనా సరిచూడండి అని.

ఆపరేటర్ గారు ఆ వరసను మూడుసార్లు చదివించుకున్నాడు. ఎనిమిది నెలలు. ముప్పై ఒక్క కుర్చీలు. యాభై నిమిషాల స్వేచ్ఛ. రెండు నీలాలు. ఇంతా చేస్తే ఆ తప్పు ఒక్క వరసలో, తన చేతికి అందేంత దూరంలో, ఎవరైనా చూడండి మహాప్రభో అని కూర్చుని ఉంది. ఎవరిమీద కోపగించుకోవాలో తోచలేదు. ముట్టుకోవద్దన్న టోపీ మీదా? ముట్టుకోవద్దంటే ఊరుకున్న తనమీదా? చూపు లేదని ఎవరైనా ఒక పనికి అడ్డం చెబితే జన్మలో ఊరుకోని మనిషి, చదువు లేదనగానే నోరుమూసుకుని కూర్చున్నాడు.

"పాపం, వినే ఉంటాడు గానీ మాట చివర విని ఉంటాడు. పుస్తకం, కాగితం, అక్కడ 'మ్' సరైనదే. ప, ఫ, బ, భ ముందూ సరైనదే. అందుకే మీ అంబులెన్సు బాగా పలికింది" అంది టీచరమ్మ. సున్నకు సొంత ముక్కు లేదట. ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటివాళ్ళ ముక్కు అరువు తెచ్చుకుంటుందట. క ముందు ఒకలా, చ ముందు ఒకలా, ట ముందు, త ముందు ఒక్కోలా. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు అలాగే చెప్పానంది.

మళ్ళీ రెండో ఆదివారం దాకా ఆగే ఓపిక ఇద్దరికీ లేదు. ప్రతి ఆదివారం కలిశారు. ఆవిడ చెప్పేది, ఆయన టైపు చేసేవాడు, ఆవిడ కళ్ళజోడు పైకెత్తి తెరకు ముక్కు ఆనించి సరిచూసేది. ఐదు వర్గాలకూ ఐదు వరసలు, మాట చివరకు ఒకటి. సంవత్సరం, సింహం, హంస లాంటివాటి దగ్గర వాదన వచ్చింది. నోరారా పలికి పలికి, వాటికి పాత 'మ్' ఉంటేనే సరి అని తేల్చుకున్నారు. సింహం అన్న మాటను ఆ గదిలో ఆ రోజు వంద సార్లు అని ఉంటారు. కింద సైకిల్ స్టాండువాడు పైకొచ్చి ఏమైందండీ అని అడిగి వెళ్ళాడు.

రాయడం ఒక ఎత్తు, రాసినదాన్ని గొంతులో కలిపి కొత్త గొంతు తయారుచేయడం ఇంకో ఎత్తు. దానికి ఏవో ఆదేశాలు ఇవ్వాలి. ఆయన సొంతంగా ప్రయత్నించాడు. నలభై ఆరు తప్పులున్నాయని యంత్రం నలభై ఆరింటినీ తీరిగ్గా చదివి వినిపించింది. ఇక టోపీ తప్ప గతి లేదు.

టోపీ ఫోను ఎత్తడు. కానీ ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని పట్టుకోవడమే వృత్తిగా బతికినవాడి నుంచి తప్పించుకోవడం అంత తేలిక కాదు. అతని ఇంటి నంబరు సంపాదించి, రోజూ ఉదయం ఏడున్నరకు వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. అమ్మా, అబ్బాయి లేచాడా అని ఎంతో మర్యాదగా అడిగేవాడు. లేవలేదు బాబూ అంటే, పర్వాలేదమ్మా, రేపు చేస్తాను అనేవాడు. ఆరో రోజున ఆవిడే కొడుకును లేపి చొక్కా చేతికిచ్చి పంపింది.

టోపీ వచ్చి పని పదకొండు నిమిషాల్లో ముగించాడు. టీచరమ్మ సంతోషం పట్టలేక ఒక వాక్యం తానే టైపు చేసింది. యంత్రం గొంతు సవరించుకుని, 'సిన్హం పుస్తకన్ చదివింది' అంది.

ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. తప్పు ఎక్కడ జరిగిందో టోపీయే చెప్పాడు, అదీ కాస్త గొప్పగా. అన్ని వరసలు ఎందుకు సార్, అన్నిటికీ 'న్' పెట్టేస్తే ఒక్క వరసలో పోతుంది కదా అని తానే మిగతావన్నీ తీసేశాడట.

ఆపరేటర్ గారు నోరు తెరిచేలోపే టీచరమ్మ కుర్చీ లాగిన చప్పుడైంది.

"ఒకటో తరగతి ఎక్కడ చదివావు బాబూ? ఇలా కూర్చో. టోపీ తీయి. క నుంచి మొదలుపెట్టు."

అతను నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. టోపీ తీసిన చప్పుడు ఆపరేటర్ గారికి స్పష్టంగా వినపడింది. క, ఖ, గ, ఘ, ఙ అంటూ ముప్పై ఏళ్ళ మనిషి ఒకటో తరగతి పిల్లాడిలా మొదలుపెట్టాడు. అంకె అనమంది, అన్నాడు. మంచం, గంట, మందు, పంపు. ఒక్కోటి అన్నాక నాలుక ఎక్కడ తగిలిందో చెప్పమంది. నాలుగో మాట దగ్గర అతని గొంతు మారింది. అవును కదా, అన్నిచోట్లా ఒకటి కాదు కదా అని తనలో తాను అనుకున్నాడు. ఇంకేమీ మాట్లాడకుండా తీసేసిన వరసలన్నీ తిరిగి పెట్టాడు.

ఈసారి ఆపరేటర్ గారు తానే టైపు చేశాడు. యంత్రం చదివింది. మందు. మంచం. పదకొండు గంటలకు సంతకం.

ఆయన ఇంకోసారి చదివించాడు. మరో పదిసార్లు చదివించాడు. ఇన్నాళ్ళూ భుజాలు బిగబట్టి కూర్చున్నానన్న సంగతి, అవి దిగినప్పుడు గానీ ఆయనకు తెలియలేదు. టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటోంది. టోపీ మాత్రం, ఇది తాత్కాలికమే సార్, అసలైతే పునాది నుంచి తిరగరాయాలి అని గంటసేపు వివరించాడు. ఆ ఒక్కరోజు మాత్రం ఆయన అడ్డు చెప్పకుండా విన్నాడు.

సరిచేసిన ఫైలును ఆ ప్రోగ్రాము వాళ్ళకు పంపితే మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, మార్పు సరిగ్గా పనిచేస్తోందని చూపే పరీక్షలు రాసి పంపమన్నారు. రాసి పంపారు. వరసల మధ్య ఖాళీలు తమ పద్ధతిలో లేవన్నారు. ఖాళీలు దిద్ది పంపారు. చివరికి రెండు నెలలకు అందులో కలుపుకున్నారు. ఆ వారంలోనే కాలేజీ గేటు దగ్గర 'మన సంఘం సాధించిన ఘన విజయం' అని ముదురు నీలం రంగులో ఫ్లెక్సీ వెలిసింది. ఆపరేటర్ గారు ఇంట్లో చిందులు తొక్కాడు. దాని మీద ఏం రాసుందో నీకెవరు చెప్పారని భార్య అడిగింది. నీ తమ్ముడే పొద్దున ఫోన్ చేసి సంతోషంగా చదివి వినిపించాడు అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

కొత్త గొంతు బయటికి వచ్చిన నెలకు వేరే ఊరి నుంచి ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఒక బ్యాంకు గుమస్తా, ఆయనకూ చూపు లేదు, రోజంతా ఈ గొంతుతోనే పని. పొగడ్త ఉంటుందనుకుని టీచరమ్మ ఎదుటే చదివించాడు. హంసను 'హమ్స' అంటారా ఎక్కడైనా, 'హన్స' అనాలి గానీ, ఈ సున్నను సరిచేసిన పెద్దమనుషులు ఎవరో గానీ వాళ్ళకు తెలుగు వచ్చినట్టు లేదు అని ఉంది.

"హన్సట, హన్స" అంది టీచరమ్మ. అప్పటికప్పుడు జవాబు రాయమంది, తాను చెబుతానంది. ఆవిడ చెప్పిన జవాబు రాస్తే మనిషి మళ్ళీ తెలుగు జోలికి రాడని భయపడి, ఆపరేటర్ గారు రాయలేదు. ఫోన్ చేశాడు. గుమస్తా మెత్తటి మనిషి కాడు. నలభై నిమిషాలు వాదించాడు. హంస దగ్గర తగ్గలేదు. పోనీ దాన్ని అలా ఉంచండి, అంకెల సంగతేమిటి, ఫోను నంబరును కూడా కోట్లలో లక్షల్లో చదువుతుందే, దాన్ని అడిగే నాథుడే లేడా అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ విసుగు ఆపరేటర్ గారికి బాగా పరిచయమైన విసుగే. రెండో ఆదివారం పదింటికి ఫోనులో కలవమన్నాడు.

రెండో ఆదివారం యూనియన్ గదిలో నలుగురున్నారు, ఫోనులో ఉన్న గుమస్తాను కలుపుకుంటే. ప్రింటరు చంకనెట్టుకుని వచ్చినాయన మళ్ళీ వచ్చాడు, ఈసారి చేతులూపుకుంటూ. టోపీ వస్తానన్నాడు, రాలేదు. బల్ల మధ్యలో పెట్టిన ఫోనులోంచి గుమస్తా హంస గురించి మొదలుపెట్టాడు. టీచరమ్మ ఫోనుకు దగ్గరగా కుర్చీ జరుపుకుని, మీరు ఏ బడిలో చదివారండీ అని అడిగింది. ప్రింటరు ఆయన హంస అంటే ఏ హంస అన్నాడు.

ముందు అంకెలు చూద్దాం, అంకెలు అన్నాడు ఆపరేటర్ గారు. ఎవరూ వినిపించుకోలేదు. ఆయన బల్లమీద చేత్తో తట్టి ఇంకోసారి చెప్పాడు. వాళ్ళు హంస దగ్గరే ఉన్నారు. ఆయన నిట్టూర్చి, కీబోర్డు తన వైపు లాక్కుని, అంకెల ఫైలు ఎక్కడుందో తానే వెతకడం మొదలుపెట్టాడు.